ఖాళీ లేబుల్ రాక్‌స్టెడీ సింగిల్ కొనొచ్చా? ముందు రెండో వైపు తిప్పి చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. యూట్యూబ్‌లో ఆల్టన్ ఎల్లిస్, పారగన్స్ పాటలు వింటూ రాక్‌స్టెడీ అనే 1960ల జమైకా సంగీతం పిచ్చిలో పడ్డాను. జమైకాలో అప్పట్లో వేసిన అసలు సింగిల్స్, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డులు, సేకరించాలని ఉంది. ఇంగ్లండ్‌లో ఒక అమ్మకందారు ట్రెజర్ ఐల్ అనే జమైకా కంపెనీ సింగిల్ ఒకటి చూపించి '1967 ఒరిజినల్, ఖాళీ లేబుల్, వీజీ కండిషన్' అంటున్నాడు. లేబుల్ మీద ఒక రబ్బరు స్టాంపు తప్ప ఏమీ లేదు. రెండో వైపు పెన్నుతో 'వెర్షన్' అని రాసి ఉంది. మధ్యలో రంధ్రం చాలా పెద్దది. ధర నా స్థాయికి చాలా ఎక్కువ. కొనొచ్చా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇప్పుడు కొత్తగా వేస్తున్న రీఇష్యూలు కొనుక్కుంటే చాలదా?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ ధరకి కొనకండి. లేబుల్ ఖాళీగా ఉందని కాదు, రెండో వైపు పెన్నుతో రాసిన ఆ 'వెర్షన్' అన్న మాట వల్ల. 1967లో ట్రెజర్ ఐల్ నుంచి వచ్చిన సింగిల్‌కి రెండో వైపు వెర్షన్, అంటే అదే పాట గొంతులు లేకుండా వాద్యం ఒక్కటే, ఉండటం దాదాపు జరగని పని. అదెందుకో అర్థమైతే ఈ ఒక్క రికార్డు గురించే కాదు, ఇకముందు మీ చేతికొచ్చే ప్రతి జమైకా సింగిల్ గురించీ సగం సంగతి తెలిసిపోతుంది. అందుకే కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. ఇక్కడ జమైకా కుటుంబాలు 1950ల నుంచీ స్థిరపడ్డాయి. వాళ్ళతో పాటు వచ్చిన రికార్డులు, తర్వాత వాళ్ళు ఇక్కడ కొనుక్కున్న రికార్డులు ఇప్పటికీ సంతల్లో, పాత సామాన్ల దుకాణాల్లో, ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు బయటికొస్తుంటాయి. నా సేకరణలో ఎక్కువ భాగం అలా వచ్చిందే.

జమైకాలో సింగిల్ అంటే ఏమిటో ముందు పట్టుకోవాలి. మన దగ్గర అదే కాలంలో హెచ్‌ఎంవీ, కొలంబియా లేబుళ్ళ మీద తెలుగు సినిమా పాటల ఈపీలు వచ్చేవి. సినిమా పేరు, పాడినవాళ్ళు, సంగీత దర్శకుడు, అన్నీ శుభ్రంగా అచ్చయి ఉండేవి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో లెక్కే వేరు. అక్కడ పాట పుట్టింది సౌండ్ సిస్టమ్ కోసం. మనిషెత్తు స్పీకర్ పెట్టెలు, ఆంప్లిఫయరు, టర్న్‌టేబులు లారీలో వేసుకొచ్చి ఆరుబయట దించి, టికెట్టు పెట్టి డాన్సు నడిపేవాళ్ళు. పక్క వీధి సిస్టమ్ దగ్గర లేని పాట తన దగ్గర ఉండటమే వ్యాపారమంతా. 1950లలో అమెరికా నుంచి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు తెప్పించుకుని, పోటీవాడి కంట పేరు పడకుండా లేబుల్ గీకేసేవాళ్ళు. సౌండ్ సిస్టమ్ నడిపే క్లెమెంట్ 'కాక్సన్' డాడ్ అయితే విల్లిస్ జాక్సన్ శాక్సఫోన్ పాట ఒకదానికి 'కాక్సన్ హాప్' అని తన పేరే తగిలించి వాయించేవాడు. అసలు పేరేమిటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు.

తర్వాత వీళ్ళే సొంతంగా పాటలు రికార్డు చేయించడం మొదలుపెట్టినా ఆ గుట్టు పోలేదు. పాట తయారవగానే ముందు ఒకే ఒక్క మెత్తటి ఎసిటేట్ ప్లేటు కోయించి డాన్సులో వేసి చూసేవాళ్ళు. జనం మళ్ళీ మళ్ళీ అడిగితే, అప్పుడు కొన్ని వందల కాపీలు ప్రెస్ చేసేవాళ్ళు. లేబుల్ అచ్చు వేయించే తీరిక, ఖర్చు, అవసరం అన్నీ తర్వాతి మాట. తెల్ల కాగితం మీదో, ఇంకో పాట కోసం అచ్చు వేసి మిగిలిపోయిన లేబుల్ మీదో ఒక రబ్బరు స్టాంపు కొట్టి దుకాణానికి పంపేసేవాళ్ళు. ఇంగ్లండ్‌లో ఈ తొలి కాపీలను 'ప్రీ' అనేవాళ్ళు, అంటే ఇంకా అధికారికంగా విడుదల కానివి అని. వాటికి మామూలు సింగిల్ కంటే ఎక్కువ ధర కట్టి మరీ కొనేవాళ్ళు.

కాబట్టి ఖాళీ లేబుల్ దానంతట అది మంచికీ కాదు, చెడుకీ కాదు. 1967 నాటి ఖాళీ లేబుళ్ళున్నాయి, 1977 నాటివీ ఉన్నాయి, నిన్నమొన్న ఎవరో దొంగచాటుగా అచ్చేసినవీ ఉన్నాయి. కాగితం మీద ఏమీ లేనప్పుడు ప్లాస్టిక్‌ని చదవాలి.

ఇక మీరు ఇష్టపడ్డ రాక్‌స్టెడీ గురించి. దాని ఆయుష్షు చాలా చిన్నది. 1966లో మొదలై 1968 దాటేసరికి రెగేగా మారిపోయింది. అంతకు ముందున్న స్కా అనే శైలిలో పరుగు ఎక్కువ, హారన్ల మోత ఎక్కువ. రాక్‌స్టెడీలో ఆ వేగం బాగా తగ్గింది, హారన్లు వెనక్కి వెళ్ళాయి, బాస్ గిటారు ముందుకొచ్చి పాటని నడిపించింది, ఆ ఖాళీలో ముగ్గురు గాయకులు గొంతులు కలిపి పాడే తీరు విచ్చుకుంది. ట్రినిడాడ్ నుంచి వచ్చిన లిన్ టెయిట్ అనే గిటారిస్టు ఆ కాలపు పాటల్లో బాసుతో కలిసి వాయించే సన్నటి తీగ వినండి. ఒకసారి చెవికి పట్టిందంటే ఏ కంపెనీ పాటలోనైనా గుర్తుపడతారు.

ఆ రెండు మూడేళ్ళలో పెద్దవి రెండు కంపెనీలు. బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో 13వ నంబరు ఇంట్లో డాడ్ నడిపిన స్టూడియో వన్ ఒకటి. బాండ్ స్ట్రీట్‌లో 33వ నంబరులో డ్యూక్ రీడ్ నడిపిన ట్రెజర్ ఐల్ రెండోది. రీడ్ మాజీ పోలీసు. కింద మద్యం దుకాణం, పైన స్టూడియో. టామీ మెకూక్, ఆయన సూపర్‌సానిక్స్ బృందం అక్కడే ఆస్థాన వాద్యకారులు. స్టూడియో వన్‌లో జాకీ మిట్టూ కీబోర్డు మీద కూర్చుని ఆ పని చేసేవాడు. రెండింటి ధ్వనికీ తేడా ఉంది. స్టూడియో వన్‌లో కొంచెం గరుకు, బాసులో మట్టి వాసన. ట్రెజర్ ఐల్‌లో నునుపు, గొంతులు తేనెలా జారతాయి. ఫిలిస్ డిల్లన్ పాడిన 'డోంట్ స్టే అవే' వింటే నేను చెప్పేది తెలుస్తుంది. ఆమె 1967 చివర్లో న్యూయార్క్ వెళ్ళిపోయి అక్కడ బ్యాంకులో పనిచేస్తూ కూడా, మధ్యమధ్యలో విమానమెక్కి కింగ్‌స్టన్ వచ్చి రీడ్ కోసం పాడి వెళ్ళేది.

ఈ ఇద్దరి పేర్లే అందరూ చెబుతారు. సోనియా పాటింజర్ పేరు కూడా రాసి పెట్టుకోండి. ఆ కాలంలో అంత స్థాయిలో నిర్మాతగా నిలబడిన మహిళ ఆమె ఒక్కతే. గే ఫీట్, టిప్ టాప్, హై నోట్ ఆమె లేబుళ్ళు. మెలోడియన్స్ 'స్వింగ్ అండ్ డైన్', కెన్ బూత్ 'సే యూ' ఆమె తీసినవే. నాణ్యతలో రీడ్ పాటలకి ఏమాత్రం తీసిపోవు. రీడ్ పోయాక ట్రెజర్ ఐల్ పాటల హక్కులు కూడా ఆమె చేతికే వచ్చాయి. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, మీ రికార్డు విషయంలో అవసరమవుతుంది. ఇంకా బెవర్లీస్ లేబుల్ లెస్లీ కాంగ్, జో గిబ్స్, బన్నీ లీ, ర్యాండీస్ దుకాణం విన్సెంట్ చిన్ ఉన్నారు. వీళ్ళ సంగతి మెల్లగా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు వెర్షన్ కథ. 1967 చివర, 1968 మొదలు ప్రాంతంలో స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ నడిపే రూడీ రెడ్‌వుడ్ అనే ఆయన రీడ్ దగ్గరికి తన డాన్సు కోసం ప్లేట్లు కోయించుకోవడానికి వచ్చాడు. పారగన్స్ పాడిన 'ఆన్ ది బీచ్' పాట కోస్తుంటే ఇంజినీరు బైరన్ స్మిత్ గొంతుల ట్రాకు కలపడం మర్చిపోయాడు. పాట లేకుండా వాద్యం ఒక్కటే ప్లేటు మీద పడింది. రెడ్‌వుడ్ దాన్ని పారేయలేదు. డాన్సులో ముందు మామూలు పాట వేసి, వెంటనే గొంతులు లేని ప్లేటు వేశాడు. జనమంతా ఖాళీగా ఉన్న చోట తామే పాట అందుకుని పాడేశారు. డాన్సు దద్దరిల్లిపోయింది.

ఆ పొరపాటు పెద్ద మార్పుకి దారి తీసింది. సింగిల్ రెండో వైపు ఇంకో పాట కోసం గాయకుడికీ వాద్యకారులకీ డబ్బివ్వక్కర్లేదు, అదే పాటని గొంతు తీసేసి వేస్తే చాలు, జనమూ అదే కావాలంటున్నారు. 1970 నాటికి ఇది మామూలు అలవాటైపోయింది. అదే ఏడు రీడ్ తన పాత రాక్‌స్టెడీ ట్రాకుల మీద డాన్సుల్లో మైకు పట్టుకుని లయలో మాటలు చెప్పే యూ-రాయ్ చేత మాటలు చెప్పించి వరసగా హిట్లు కొట్టాడు. రీడ్ దగ్గర ప్లేట్లు కోసే పని చేసిన ఓస్బోర్న్ రడాక్, అంటే లోకానికి తెలిసిన కింగ్ టబ్బీ, వాటర్‌హౌస్‌లో డ్రామిలీ అవెన్యూలోని తన ఇంట్లో ఈ వెర్షన్లని విడదీసి, ప్రతిధ్వనులు కలిపి డబ్ అనే కొత్త కళనే తయారుచేశాడు.

ఇంత చెప్పింది ఎందుకంటే, 1966–68 మధ్య తొలిసారి వచ్చిన రాక్‌స్టెడీ సింగిల్‌కి రెండో వైపు సాధారణంగా వేరే పాట ఉంటుంది. చాలాసార్లు పూర్తిగా వేరే గాయకుడి పాట, లేదా మెకూక్ బృందం వాయించిన వేరే వాద్యం. మీ దానికి రెండో వైపు అదే పాట వెర్షన్ అయితే, మొదటి వైపు 1967 నాటి పాటే అయినా ఆ ప్లాస్టిక్ ముక్క 1970లలో పోత పోసినదే అయ్యుంటుంది. రీడ్ చివరి రోజుల్లోనో, ఆ తర్వాత హక్కులు పాటింజర్ చేతికి వచ్చాకో వచ్చిన రీప్రెస్, అంటే మళ్ళీ పోసిన ప్రతి, కావచ్చు. అమ్మకందారు మోసగాడని నేననడం లేదు. పాట పుట్టిన ఏడాదినీ రికార్డు పోసిన ఏడాదినీ ఒకటిగా అనుకునేవాళ్ళు ఈ వ్యాపారంలో బోలెడుమంది. కానీ ఆ రెంటి మధ్య ధరలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది, దాన్ని మీరెందుకు కట్టాలి?

ఇక ప్లాస్టిక్‌ని చదవడం. పాట అయిపోయాక లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నున్నటి ఖాళీ పట్టీ ఉంటుంది కదా, దాన్ని దీపం కింద వాల్చి చూడండి. చేత్తో గీకిన అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. అదే మ్యాట్రిక్స్ నంబరు. ప్లేటు కోసినవాడు ఉక్కు మొనతో రాసింది, లోహపు అచ్చు ద్వారా ప్రతి కాపీలోకీ దిగుతుంది. నిర్మాత పొడి అక్షరాలు, వరస సంఖ్య ఉంటాయి. ఒక్కోసారి పాట పేరే రాసి ఉంటుంది, ఒక్కోసారి ముందు రాసినదాన్ని కొట్టేసి పక్కన ఇంకోటి రాసి ఉంటుంది. లేబుల్ మీద ఒక గాయకుడి పేరుండి గాడిలో ఇంకో గాయకుడు ఉండటం జమైకా సింగిల్స్‌లో అరుదేం కాదు. ప్రెస్సింగ్ మిషను దగ్గర లేబుళ్ళు కలిసిపోయేవి, ఎవరూ ఆపి సరిచేసేవాళ్ళు కాదు. మ్యాట్రిక్స్ నంబరుకి మాత్రం అలా కలిసిపోయే వీల్లేదు. డిస్కాగ్స్, 45క్యాట్ లాంటి సైట్లలో దాన్ని కొట్టి వెతికితే ఏ పాట, ఏ వరసలో కోశారు, రెండో వైపు ఏముండాలి అన్నది చాలావరకు తేలిపోతుంది.

అయితే అక్కడితో ఆగకూడదు. ముఖ్యంగా స్టూడియో వన్ విషయంలో. డాడ్ తన పాటల్ని దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉన్నాడు, కొన్నిసార్లు పాత అచ్చులతోనే. అప్పుడు నంబరు ఒకటే ఉంటుంది, రికార్డు మాత్రం ఇరవై ఏళ్ళ తర్వాతది. అలాంటప్పుడు లేబుల్ డిజైను, కాగితం, రికార్డు బరువు, అంచు మందం, లేబుల్ చుట్టూ పడ్డ వలయం ఇవన్నీ చూడాలి. లేబుల్ మీద బ్రూక్లిన్ చిరునామా ఉంటే అది 60ల నాటిది కాదు, డాడ్ న్యూయార్క్ వెళ్ళాక వేసినది. చెవి కూడా సాయం చేస్తుంది. 70ల చివర ఆయన కొన్ని పాత ట్రాకుల మీద కొత్త వాద్యాలు ఎక్కించాడు. 1967 పాటలో ఎలక్ట్రానిక్ డ్రమ్ము 'ప్యూ' అని మోగిందంటే మీ చేతిలో ఉన్నది తొలి రూపం కాదు. డాడ్‌కి లేబుల్ పేర్లు కూడా లెక్కలేనన్ని: కాక్సన్, మ్యూజిక్ సిటీ, సుప్రీమ్, విన్రో, బాంగో మ్యాన్, ఐరన్ సైడ్... స్టూడియో వన్ అన్న పేరు కోసమే వెతికితే మంచి పాటలు చాలా చేజారతాయి.

కండిషన్ గురించి మీ అంచనాలు మార్చుకోవాలి. వీజీ అంటే పాత రికార్డుల భాషలో పేరుకి 'చాలా బాగుంది' అని, వాస్తవంగా గీతలు బాగానే ఉన్నాయని, పాట వెనక చిటపటలు ఆగకుండా వస్తాయని. వీజీ ప్లస్ అంటే కాస్త నయం. జమైకా సింగిల్స్‌లో అంతకంటే పై గ్రేడు దొరకడం కష్టం, దొరికితే ధర నిప్పు. కారణం తెలిసిందే. ఇవి అల్మరాలో దాచుకోవడానికి కొన్నవి కావు. రాత్రంతా డాన్సుల్లో బరువైన ముల్లు కింద తిరిగాయి, కవరు లేకుండా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, దుమ్ము, చెమట, రమ్ము అన్నీ చూశాయి. పైగా కొత్తగా ఉన్నప్పుడే కొన్ని గరుకుగా ఉండేవి. పాత రికార్డులు కరిగించి లేబుల్ కాగితం ముక్కలతో సహా మళ్ళీ పోసిన ప్లాస్టిక్ కూడా వాడారు. మధ్య రంధ్రం పక్కకి జరిగి ఉంటే పాట అలల మీద పడవలా ఊగుతుంది.

అందుకని నా పద్ధతి ఇది. గీతలకి భయపడను, మూడు దోషాలకి మాత్రం భయపడతాను. ముల్లు ఎగిరిపడేంత లోతు గీత, తీవ్రమైన వంకర, అన్నిటికంటే ముఖ్యంగా గాడి అరిగిపోవడం. మూడోది కంటికి కనిపించదు. పైకి నిగనిగలాడుతూ ఉండి, గొంతు పెద్దదైన చోట బరబరమని చిరిగినట్టు వినిపిస్తుంది. చిటపటల వెనక గొంతు శుభ్రంగా ఉంటే ఆ రికార్డు బతికే ఉన్నట్టు. గొంతే చిరిగితే కడిగినా ఏం చేసినా తిరిగి రాదు. అందుకే అమ్మకందారుని ఫొటో కంటే ముందు ఆడియో క్లిప్పు అడగాలి, అదీ పాట చివరి నిమిషంది. లోపలి గాడుల్లోనే అరుగుదల ముందు బయటపడుతుంది.

పెద్ద రంధ్రం గురించి టెన్షన్ వద్దు. జమైకా సింగిల్స్ దాదాపు అన్నీ అలాగే ఉంటాయి, అమెరికా సింగిల్స్ లాగా సుమారు ఒకటిన్నర అంగుళం. ఒక చిన్న అడాప్టరు మధ్యలో పెడితే సరిపోతుంది. ప్లాస్టిక్‌ది చవగ్గా దొరుకుతుంది, లోహపుది గుమ్మటంలా ఉంటుంది. సరిగ్గా బిగిసేదే కొనండి, లూజుగా ఉంటే రికార్డు పక్కకి జరిగి ఇందాక చెప్పిన ఊగుడు మొదలవుతుంది. స్పీడు 45 పెట్టడం మర్చిపోకండి.

ముల్లు విషయంలో ఖరీదైన సన్నటి మొనల జోలికి వెళ్ళకండి. ఈ రికార్డులకి గుండ్రటి మొన ఉన్న మామూలు ముల్లే మంచిది. అది గాడి గోడని వేరే ఎత్తులో తాకుతుంది కాబట్టి, పాత ముళ్ళు అరగదీయని చోటు దొరికే అవకాశం ఉంది. ముల్లు బరువుని, ముల్లుని పట్టుకునే కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన పరిధిలో పై అంచుకి దగ్గరగా పెట్టండి. మరో ముఖ్యమైన సంగతి, 60ల జమైకా సింగిల్స్ మోనో. మీ ఆంప్లిఫయరుకి మోనో బటన్ ఉంటే నొక్కండి, లేదా మోనో కార్ట్రిడ్జ్ వాడండి. గాడిలో పైకీ కిందకీ కదిలే శబ్దమంతా మురికి, గీతలు. పాట అడ్డంగా మాత్రమే ఉంటుంది. మోనోలో పెట్టగానే ఆ నిలువు గోల చాలావరకు రద్దయిపోతుంది. మొదటిసారి ఆ తేడా విన్నవాళ్ళు రికార్డు మార్చారా అని అడుగుతారు.

కడగడం తప్పనిసరి. డిస్టిల్డ్ వాటర్, అందులో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్, లేబుల్ తడవకుండా చూసుకోవడం. గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. ఉష్ణదేశపు రికార్డులకి తెల్లటి బూజు పొర పట్టి ఉంటుంది, ఒక్క కడుగుడుకి పోదు. కానీ డబ్‌ప్లేటు, అంటే ఇందాక చెప్పిన డాన్సు కోసం కోయించే ఎసిటేట్ ప్లేటు, ఎప్పుడైనా చేతికొస్తే ఆల్కహాల్ దగ్గరికి రానివ్వకండి, పై పొర కరిగిపోతుంది. దాన్ని వాయించడం కూడా ఒక్కసారికే, డిజిటల్‌గా రికార్డు చేసుకోవడానికి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. నేనైతే జమైకా ప్రెస్సింగులతో మొదలుపెట్టమనను. ఇంగ్లండ్ ప్రెస్సింగులతో మొదలుపెట్టండి. అదే కాలంలో అవే టేపుల నుంచి ఇక్కడ ఐలండ్, డాక్టర్ బర్డ్, పామా, 1968 నుంచి ట్రోజన్ లేబుళ్ళ మీద సింగిల్స్ వచ్చాయి. ట్రోజన్ అన్న పేరే డ్యూక్ రీడ్ సౌండ్ సిస్టమ్ లారీ నుంచి వచ్చింది. ప్లాస్టిక్ నాణ్యత బాగుంటుంది, పెద్ద హిట్లు ఎక్కువ కాపీలు వేశారు కాబట్టి అందుబాటు ధరలో దొరుకుతాయి. 1969లో ఇక్కడ నంబర్ వన్ అయిన డెస్మండ్ డెకర్ 'ఇజ్రాయెలైట్స్' ఇంగ్లండ్ సింగిల్ ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంది, అది నిజమైన ఆనాటి రికార్డే. చిన్న లేబుళ్ళ మీద వచ్చిన ఇంగ్లండ్ సింగిల్స్ మాత్రం కొన్ని జమైకా కాపీల కంటే ప్రియం, అది చూసుకోండి.

తర్వాత ఏదో ఒక దారం పట్టుకుని లాగండి. అన్నీ కొనాలనుకుంటే డబ్బూ చాలదు, బుర్రా చాలదు. నాకు బాగా ఇష్టమైన దారం ఒకటి చెబుతాను. ఆల్టన్ ఎల్లిస్ 1967లో స్టూడియో వన్‌లో పాడిన 'ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యూ'. పదేళ్ళ తర్వాత జో గిబ్స్ అదే వాద్యాన్ని మళ్ళీ వాయించి మార్షా ఐట్కెన్ చేత పాడించాడు. దాని మీదే ట్రినిటీ 'త్రీ పీస్ సూట్' చెప్పాడు. దానికి జవాబుగా ఇద్దరు అమ్మాయిలు, ఆల్థియా, డోనా, 'అప్‌టౌన్ టాప్ ర్యాంకింగ్' పాడారు, అది 1978 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది. 2000లలో షాన్ పాల్ కూడా ఆ పాటనే అందుకున్నాడు. ఈ సింగిల్స్ వరసగా పెట్టుకుని వింటే ఒక బాసు వరస తరాలు దాటడం చెవులతో పట్టుకోవచ్చు. చివరివి చవక, వెనక్కి వెళ్ళే కొద్దీ ప్రియం. కాబట్టి చివరి నుంచి మొదటికి కొనుక్కుంటూ రండి. ఎల్లిస్ తొలి ప్రతి దగ్గరికి వచ్చేసరికి మీ చెవీ కన్నూ రెండూ తయారై ఉంటాయి.

రీఇష్యూల గురించి అడిగారు. వినడానికి నిక్షేపంలా సరిపోతాయి. హక్కులు కొని, మంచి టేపుల నుంచి వేసిన సోల్ జాజ్, ప్రెషర్ సౌండ్స్, జపాన్ వాళ్ళ డబ్ స్టోర్ లాంటి కంపెనీల ప్రతులు శుభ్రంగా ఉంటాయి. నేనూ కొంటాను. నాకు పడనిది దొంగ ప్రతులు. పాత రికార్డు నుంచే కాపీ కొట్టి, పాత లేబుల్‌ని స్కాన్ చేసి అతికిస్తారు. దగ్గరగా చూస్తే అచ్చులో చుక్కలు కనిపిస్తాయి, ఆఖరి పట్టీలో చేతిరాత ఉండదు, లేదా కొత్త ఫ్యాక్టరీ నంబరు తీరుగా ముద్రించి ఉంటుంది. ఈ గాయకుల్లో చాలామందికి అప్పట్లో పాటకి చేతిలో పెట్టిన కొద్ది డబ్బు తప్ప ఏమీ దక్కలేదు. వాళ్ళలో కొందరు పట్టుదలగా తమ పాట తామే వేసుకున్నారు. 'సత్తా మసగానా' పాటని 1969లో స్టూడియో వన్‌లో రికార్డు చేసినా డాడ్ విడుదల చేయలేదు. అబిసీనియన్స్ బృందం డబ్బు కట్టి టేపు తీసుకుని 1971లో క్లించ్ అనే సొంత లేబుల్ మీద వేసుకుంది. అంత కష్టపడి వేసుకున్న పాటకి దొంగ ప్రతి కొనడం నాకు మనసొప్పదు.

హైదరాబాద్‌కి తెప్పించుకునేటప్పుడు రికార్డు ధర ఒక్కటే చూడకండి. పోస్టేజి, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ వాళ్ళ చార్జీలు అన్నీ కలిపి లెక్క వేస్తే చిన్న సింగిల్ కూడా పెద్దదవుతుంది. ఒక్కోటి విడిగా కాకుండా ఒకే అమ్మకందారు దగ్గర కొన్ని కలిపి తెప్పించండి. ఏప్రిల్, మే నెలల్లో తెప్పించకండి. పార్సిల్ ఎండలో వ్యానులో పడి ఉంటే అట్టముక్కలా వంగిపోతుంది. ఇంట్లో నిలువుగానే నిలబెట్టండి, పడుకోబెట్టి దొంతర పెట్టొద్దు. పాత కాగితం కవరు గుర్తుగా పక్కన దాచుకుని, రికార్డుని కొత్త లోపలి కవరులోకి మార్చండి, బూజు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది.

ఇప్పుడు మీ అమ్మకందారు దగ్గరికి వద్దాం. ఆయన్ని నాలుగు అడగండి. రెండు వైపులా ఆఖరి పట్టీ ఫొటో, దీపం పక్క నుంచి పడేలా తీసింది. లేబుల్ దగ్గరి ఫొటో, రబ్బరు స్టాంపు చదవగలిగేలా. మొదటి వైపు చివరి నిమిషం ఆడియో. రెండో వైపు మొదటి ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లలో అదే పాట వాద్యం గొంతులు లేకుండా వినిపించిందంటే, '1970ల రీప్రెస్ ధరకి ఇస్తారా' అని మర్యాదగా అడగండి. చాలామంది దిగుతారు. గొంతు చిరగకుండా ఉంటే ఆ ధరకి తప్పకుండా తీసుకోండి, పాట మీకు నచ్చిందే కదా. ఒకవేళ వెర్షన్ అన్న రాత తర్వాత ఎవరో రాసినదై, లోపల వేరే పాట ఉంటే మాత్రం వెంటనే డబ్బు కట్టకండి, వదిలేయకండి కూడా. రెండు వైపుల మ్యాట్రిక్స్ నంబర్లూ ఇక్కడ పెట్టండి. నా దగ్గరున్న ట్రెజర్ ఐల్ ప్రతులతో పోల్చి చూసి చెబుతాను.